ఎడమ తలుపులో స్పీకరు

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒత్తులు ఒక్కోసారి ఎగిరిపోతాయి, దీర్ఘాలు పిలవని చోటికి వచ్చి కూర్చుంటాయి. రాయడం కూడా నత్తనడకే. ఒక కాగితం నిండేలోపు టీ రెండుసార్లు చల్లారుతుంది. అరవై రెండో ఏట అఆలు దిద్దినదాన్ని, ఇంతకంటే వేగం నాకు రాదు. కానీ సంగతి మాత్రం అటూ ఇటూ తిప్పకుండా చెబుతాను.

మాది కుండీల బట్టీ. మొక్కలు పెట్టుకునే మట్టికుండీలు చేస్తాం. అల్లుడు బట్టీ కాలుస్తాడు. మా అమ్మాయి సరుకు పికప్పు బండిలోకి ఎక్కించి తోటలవాళ్ళకి, నర్సరీలకి దింపి వస్తుంది. నా పని తట్టడం. బట్టీలోంచి చల్లారి వచ్చిన ప్రతి కుండీనీ ఎడమచేత్తో ఎత్తి, ఎడమ చెవి దగ్గరికి తెచ్చుకుని, కుడిచేతి వేలి కణుపుతో ఒక్క దెబ్బ తడతాను. మంచి కుండీ ఖంగుమంటుంది. వెంట్రుకవాసి పగులున్నా సరే, గొంతు బొంగురుపోతుంది. కంటికి దొరకని పగులు చెవికి దొరుకుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. బట్టీ దగ్గర నాకు ఖంగమ్మ అని పేరు పెట్టింది కూడా అందుకే. మొదట్లో వెక్కిరింపుగా పెట్టారు, తర్వాత అదే నిలిచిపోయింది.

ఆ పికప్పు బండి మా ఆయన కొన్నది. కొనేనాటికే అది ఎవరి చేతిలోనో బాగా నలిగింది. ముందు సీటు ఒకటే పొడుగ్గా బల్లలా ఉంటుంది, ముగ్గురం పడతాం. రేడియో బండితోపాటు కంపెనీలో బిగించి పంపినదే. రెండు గుండ్రటి మీటలు, ఐదు గుండీలు, అంకెలు కనబడే చిన్న అద్దం. ఆ అద్దంలో అంకెలు సగం సగం ఆరిపోయి, మూడేదో ఎనిమిదేదో తెలిసేది కాదు. బండి గుంతలో పడితే పాట ఆగిపోయేది. ఇంకో గుంతలో పడితే మళ్ళీ మొదలయ్యేది. "గతుక్కో పాట, గుంతకో వార్త" అనేవారు మా ఆయన.

ఆయనకి చూపు తగ్గాక అమ్మాయి స్టీరింగు పట్టుకుంది. అప్పటినుంచి అమ్మాయి కుడిపక్క, నేను మధ్యలో, ఆయన ఎడమ తలుపు పక్కన. కూర్చున్నది మొదలు ఆయన నా మీదుగా వంగి రేడియో పెంచేవారు. నేను తగ్గించేదాన్ని. మళ్ళీ పెంచేవారు.

"చెవుడొచ్చింది మీకు" అనేదాన్ని.

"నీ సాధింపు ఒక్కటీ పొల్లుపోకుండా వినబడుతోంది కదే. చెవులు బాగున్నాయనడానికి అది చాలదూ?" అనేవారు.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. పోయేదాకా నేను ఆ మాట అంటూనే ఉన్నాను. ఊరికే సరదాకి కాదు, నిజంగానే ఆయనకి చెవుడని నమ్మాను. తర్వాత మధ్యలో ఇరుక్కుని కూర్చోవాల్సిన పని లేకపోయింది. నేను తలుపు పక్కకి, ఆయన చోటికి జరిగాను.

అక్కడికి జరిగిన మొదటి వారంలోనే రేడియో నాకు దూరమైంది. పక్కింట్లో మోగుతున్నట్టు వినబడేది. కుడి చెవికి ఏదో అందేది, ఎడమ చెవిలో దూది కుక్కినట్టుండేది.

"అమ్మాయ్, కాస్త పెంచు" అన్నాను ఒకరోజు.

"ఇంకా ఎంత పెంచనమ్మా? నా చెవులు పగిలిపోతున్నాయి" అంది.

మా అమ్మకి అరవై దాటాక చెవుడు ఎడమ చెవితోనే మొదలైంది. ఆమె చివరి రోజుల్లో పెళ్ళిపిలుపు చెప్పినా, చావుకబురు చెప్పినా ఒకేలా తలూపి నవ్వేది. ఇటు మా అమ్మ, అటు మా ఆయన. ఆస్తిపాస్తులు లేకపోతేనేం, ఇద్దరూ కలిసి నాకు చెవుడు రాసిచ్చి పోయారు అనుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెవి పోయిన తట్టేమనిషి పళ్ళూడిన దువ్వెనతో సమానం. నాకు వేరే పని రాదు. మట్టి తొక్కే వయసు కాదు, చక్రం తిప్పే నడుమూ కాదు. ఆ పీట మీంచి లేపేస్తే, కొట్లో ఓ మూల కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి మంచినీళ్ళివ్వడం తప్ప ఏముంది? నేను అక్షరాలు దిద్దే రాత్రిబడిలో సొంతవాక్యం రాయమంటే ఒకసారి మాత్రం పలక మీద "ఎడమ చెవి వినబడుట లేదు" అని రాశాను. పంతులమ్మ తప్పు దిద్ది, "ఎవరి చెవి?" అంది. "మా తోడికోడలిదండీ" అన్నాను. నాకు తోడికోడలే లేదు.

అంతవరకూ అది నా లోపలి బాధ. తర్వాత అది బయటపడే రోజు వచ్చింది. నర్సరీ ఆయన ఫోను చేశాడు. మా దగ్గర పెద్ద కుండీలు తీసుకునేది ఎక్కువగా ఆయనే. మేం దింపిన వాటిలో ఐదు కుండీలకి అడుగున పగుళ్ళున్నాయట, నీళ్ళు పోస్తే కారిపోతున్నాయట. మరుసటి దఫా ఏడు. ఆ తర్వాత పదకొండు. అన్నీ నేను తట్టి, మంచివని పక్కన పెట్టినవే.

"పెద్దమ్మ తట్టిన కుండీ అంటే నేను మళ్ళీ చూసుకునేవాణ్ణి కాదమ్మా" అన్నాడు మా అమ్మాయితో, నేను వింటుండగానే. "ఇంకొక్క దఫా చూస్తాను. ఈసారీ ఇలాగే వస్తే ప్లాస్టిక్కువాటికి మారిపోతాను. ఏమనుకోవద్దు."

ఆ రోజునుంచి నా చేయి నా మాట వినడం మానేసింది. ఒకసారి తట్టాల్సిన కుండీని మూడుసార్లు తట్టేదాన్ని. మొదటిసారి ఖంగుమనేది. రెండోసారి కొంచెం బొంగురేమో అనిపించేది. మూడోసారికి ఏమీ తోచేది కాదు, తీసి పక్కన పెట్టేసేదాన్ని. షెడ్డు వెనక పనికిరానివాటి గుట్ట పెరిగింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

అల్లుడు ఆ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. అతను నాకు ఎదురు మాట్లాడడు. తల గోక్కుని, "బట్టీలో వేడి సరిపోవట్లేదంటారా అత్తయ్యా?" అన్నాడు. పాపం, తప్పు తన మంటలో ఉందనుకున్నాడు. నేను ఇంకో కుండీ అందుకుని తట్టాను.

అమ్మాయి మాత్రం మెత్తగా అంది. "అమ్మా, ఇన్నాళ్ళు చేశావు. ఇక నువ్వు కూర్చో, నేను తడతానులే."

"నువ్వా? నీకు కుండీ చప్పుడుకీ తలుపు చప్పుడుకీ తేడా తెలుసా?" అన్నాను.

అదే సమయంలో రేడియో గొడవ మొదలైంది. పాతది మరీ మొరాయిస్తోందని, కొత్తది బిగిద్దామని అమ్మాయి అంది. నేను అడ్డం పడ్డాను.

"అది మీ నాన్న మీటలు తిప్పిన రేడియో. అలా ఉండనీ."

ఆ మాటకి అమ్మాయి కళ్ళు చెమ్మగిల్లాయి. కొత్త రేడియో ఊసు వదిలేసింది. నాకు సిగ్గేసింది. ఎందుకంటే అసలు సంగతి అది కాదు. పాత రేడియో ఉన్నంతకాలం, "ఏమో, రేడియోదే తప్పేమో" అనుకోవడానికి నాకో సందు ఉంది. కొత్తది బిగించాక కూడా ఎడమ చెవికి వినబడకపోతే ఇక ఏ సందూ ఉండదు. చెవి పోయినట్టే. ఆ సందు కోసం పోయిన మనిషిని అడ్డం పెట్టుకున్నాను. బతికున్నప్పుడు చెవిటివాడన్నాను, పోయాక చాటు చేసుకున్నాను. ఆయన ఉంటే "బాగా వాడుతున్నావే నన్ను" అనేవారు.

మూడు వారాలు అలా గడిపాను. తర్వాత రేడియోనే నా మాట వినలేదు.

ఆ రోజు ఒక తోటలో చిన్న కుండీలు దింపి ఖాళీ బండితో వస్తున్నాం. పెద్ద వీధి మలుపులో రేడియో ఒక్కసారిగా గరగరమని మొదలై అరుపుగా మారింది. తగ్గిద్దామని అమ్మాయి మీట తిప్పితే మీట ఊడి చేతిలోకి వచ్చింది. తాళం తీస్తే ఆగుతోంది, బండి కదిలిద్దామని తాళం వేస్తే మళ్ళీ అరుపు. సరిగ్గా ఆసుపత్రి గేటు ఎదురుగా ఆగి ఉన్నాం. కాపలాయన కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, లోపల రోగులున్నారు, తెలీదా? పాట ఆపు!"

"ఇది పాట కాదండీ!" అని అమ్మాయి అరిచింది.

"పాట కాకపోతే మరీ ఆపు!"

ఊడిన మీట చేతిలో పట్టుకుని, దారంతా జనం తిరిగి తిరిగి చూస్తుండగా అమ్మాయి బండిని నేరుగా రేడియో మేస్త్రీ కొట్టుకి తోలింది. నన్ను అడగలేదు. నేనేమన్నా ఆ హోరులో వినబడేది కాదు.

రేడియో మేస్త్రీది సన్నటి కొట్టు. గోడ నిండా స్పీకర్లు, అన్నీ ఒకేసారి మోగుతుంటాయి. యాభై దాటిన మనిషి. ఏం చెప్పినా ముందు "ఆఁ?" అని, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంటాడు. అతన్ని చూస్తే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

పని మాత్రం నెమ్మదిగా, శుభ్రంగా చేశాడు. రేడియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని బద్దలాంటి పుల్లతో విరక్కుండా లేపాడు. నాలుగు మరలు విప్పి, విప్పినవి విప్పినట్టు ఒక మూతలో వేసుకున్నాడు. సొరుగు లాగినట్టు రేడియోని బయటికి లాగాడు. వెనకాల తోకలా వైర్ల గుత్తి వచ్చింది. కొత్త రేడియో తెచ్చి పక్కన పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మీ బండి వైర్ల మూతి వేరు, దీని మూతి వేరు. మధ్యలో కలిపే ముక్క కావాలి. ఇంత పాత బండికి నా దగ్గర లేదు. రేపు మధ్యాహ్నానికి తెప్పిస్తాను."

"వైర్లు కోసి మెలేసి కలిపెయ్యకూడదా?" అంది అమ్మాయి.

"ఆఁ?"

అమ్మాయి మళ్ళీ అరిచి చెప్పింది.

"చెయ్యొచ్చు. చాలామంది అలాగే చేస్తారు. పాత బండమ్మా ఇది, ఎక్కడో రాపిడై నిప్పు పుడితే ఎవరు చెప్పాలి జవాబు? నా చేత్తో ఆ పని చెయ్యను. ఒక్క పూట పాట లేకుండా తిరిగితే కొంపలేం మునగవు."

నాకా మాట చెవిలో అమృతం పోసినట్టుంది. ఇంకొక్క పూట వాయిదా దొరికింది.

మర్నాడు పొద్దున్నే నర్సరీకి పెద్ద కుండీలు పోవాలి. ఆయన చెప్పిన ఆఖరి దఫా అదే. ముప్పై ఆరు కుండీలు. ఒక్కోటీ మూడేసి సార్లు తట్టాను. అమ్మాయి గోనెపట్టాలు పరిచి, మధ్యన గడ్డి కుక్కి, వరసలుగా పేర్చింది. బయలుదేరాం.

రేడియో ఉండాల్సిన చోట నోరు తెరిచిన కన్నం. అందులోంచి వైర్లు వేలాడుతున్నాయి. బండిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. ఇంజను గురక, గడ్డి గరగర, అమ్మాయి గాజుల చప్పుడు. పాత పాలకేంద్రం దాటాక రోడ్డు మీద గుంతలు మొదలవుతాయి. మొదటి గుంతలో పడ్డాం.

దబ్.

"అదేంటి?" అన్నాను.

"ఏదేంటి?"

"వెనకాల. దబ్ మంది."

"గుంతమ్మా. గుంతలో పడితే దబ్ మనక మువ్వలా మోగుతుందా?"

రెండో గుంత. మొదట చక్రాల చప్పుడు, ఒక్క రెప్పపాటు ఆగి, దబ్. వేరే చప్పుడది. కింద నుంచి పైకి కొట్టినట్టు ఉంది. కుండీ తట్టి తట్టి నాకు ఒకటి తెలుసు. పైనుంచి తగిలిన దెబ్బకీ అడుగునుంచి తగిలిన దెబ్బకీ గొంతు వేరు.

"బండి ఆపు" అన్నాను.

"అమ్మా, నర్సరీ ఆయన ఎదురుచూస్తుంటాడు."

"ఆపమంటే ఆపవే!"

ఆపింది, సణుక్కుంటూ. వెనక తలుపు దించాను. ఆఖరి వరస కుండీల్ని ఒక్కొక్కటే ఎత్తి తట్టాను. మొదటిది ఖంగు. రెండోది ఖంగు. మూడోది బొంగురుపోయింది. మళ్ళీ తట్టాను. అదే బొంగురు. తిరగేసి చూస్తే అడుగున, సన్నగా, అప్పుడే పుట్టిన పగులు.

"ఇది పొద్దున మంచిది" అన్నాను. "నేను మూడుసార్లు తట్టాను. ఇది మంచిది."

అమ్మాయి నా మొహం చూసింది, కుండీ చూసింది, కొంగు బిగించి బండి కిందకి దూరింది. తర్వాత కిందనుంచి సన్నగా, "అయ్యో, నా బుద్ధి కాల్చ" అంది.

"ఏమైందే?"

"స్టెప్నీ అమ్మా. వదులుగా వేలాడుతోంది."

స్టెప్నీ అంటే మారుచక్రం. మా బండికి అది వెనక తొట్టి కిందే గొలుసుతో వేలాడుతుంది. బిగించి ఉంచితే తొట్టి అడుగుకి అంటుకుని కదలదు. వదిలేస్తే గుంత వచ్చినప్పుడల్లా ఊగి, ఇనుప చక్రం పైకి లేచి తొట్టిని గుద్దుతుంది. ఆఖరి వరస కుండీలు సరిగ్గా దాని నెత్తినే కూర్చుంటాయి.

అమ్మాయి బయటికి పాకి వచ్చి, మట్టి మొహంతో రోడ్డు పక్కన చతికిలబడింది.

"నాలుగు నెలల కింద టైరు పంక్చరైంది చూడూ. మార్చాక పాతదాన్ని కింద తగిలించింది నేనే. గొలుసు తుప్పు పట్టి తిరగలేదు. వచ్చాక బిగిద్దాంలే అనుకున్నాను. మర్చేపోయాను."

నాలుగు నెలలు. ఐదు, ఏడు, పదకొండు. అన్నీ అడుగున పగుళ్ళే. రేడియో నోరు చించుకుంటుంటే ఆ దబ్ దబ్ మాలో ఎవరికీ వినబడలేదు.

"నీ తట్టుడే సరిగ్గా లేదనుకున్నానమ్మా. నువ్వు ముసలిదానివైపోయావని…" ఏడుపు మొదలెట్టింది.

"ముసలిదాన్నే. లే, తాడు తియ్యి. ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు చక్రం కట్టు."

ఇద్దరం కలిసి స్టెప్నీని గుంజి తాడుతో బిగించి కట్టాం. పగిలిన కుండీ పక్కన పెట్టి ముప్పై ఐదూ దింపాం. నర్సరీ ఆయన ప్రతి కుండీలోనూ చెంబుడు నీళ్ళు పోసి నిలబడ్డాడు. ఒక్కటీ కారలేదు. అమ్మాయి దాచకుండా స్టెప్నీ సంగతి చెప్పేసింది. ఆయన నా వైపు తిరిగి, "మరి నాలుగు నెలలు ఆ నింద మోస్తూ ఎలా ఊరుకున్నావు పెద్దమ్మా?" అన్నాడు. ప్లాస్టిక్కు మాట మళ్ళీ ఎత్తలేదు.

సగం బరువు దిగింది. సగమే. ఎందుకంటే వెనకనుంచి వచ్చిన చప్పుడు ఏ చెవితో విన్నానో ఎవరు చెప్పొచ్చారు? కుడి చెవి బాగానే ఉంది, అది నాకు ముందునుంచీ తెలుసు. కుండీ బొంగురు కూడా, ఏమో, కుడి చెవే అందుకుందేమో. ఎడమ చెవి సంగతి ఇంకా తేలలేదు. మధ్యాహ్నం అది తేలబోతోంది.

మేస్త్రీ దగ్గర ముక్క వచ్చి ఉంది. బండి వైర్ల మూతిని ఒక కొసకి, కొత్త రేడియోని రెండో కొసకి తగిలించాడు. తాళం వెయ్యమన్నాడు. నీలం రంగు అద్దం వెలిగింది. అంకెలు నిండుగా, మూడు మూడులా, ఎనిమిది ఎనిమిదిలా కనబడ్డాయి. చట్రం వెనక్కి బిగించే ముందు నన్ను పిలిచాడు.

"పెద్దమ్మా, మీరు రోజూ కూర్చునే చోట కూర్చోండి. నేను చప్పుడు ఒక్కో పక్కకి తిప్పుతాను. ఏ పక్క వస్తోందో చెప్పండి. నా చెవులని నేను నమ్మను."

ఇన్నాళ్ళు దేన్నుంచి తప్పించుకున్నానో అదే నన్ను పేరుపెట్టి పిలిచింది. పక్కనే అమ్మాయి నిలబడి ఉంది.

"అమ్మాయిని కూర్చోబెట్టు నాయనా" అన్నాను.

"ఆఁ?"

"ఎక్కమ్మా, రోజూ నువ్వేగా అక్కడ కూర్చునేది" అంది అమ్మాయి.

ఎక్కాను. కళ్ళు మూసుకున్నాను. పరీక్షహాల్లో కూర్చున్నప్పుడు కూడా అంత భయపడలేదు.

ఎవరో ఆడమనిషి వార్తలు చదువుతోంది. గొంతు కుడిపక్కనుంచి వచ్చింది. "కుడి" అన్నాను. తర్వాత ఆ గొంతు ఆగింది. నిశ్శబ్దం. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు నా ఎడమ మోచేతి పక్కన, తలుపులోంచి, ఎవరో వచ్చి చెవిలో చెప్పినట్టు ఆ ఆడమనిషి మళ్ళీ మొదలెట్టింది. మాట మాట విడివిడిగా వినబడింది. ఎక్కడో వాన పడుతుందట. ఎక్కడ పడుతుందో నాకెందుకు, వినబడింది!

"ఎడమ!" అని అరిచాను. బండి అవతల ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

మేస్త్రీ మళ్ళీ తిప్పాడు. కుడి. ఎడమ. మళ్ళీ ఎడమ. ఒక్కటీ తప్పలేదు.

"ఎడమదాంట్లో జుయ్యిమని ఏదో ఉంది కానీ" అన్నాను. "గొంతు కింద ఏదో గీరుతోంది."

మేస్త్రీ తల లోపలికి పెట్టి విన్నాడు. అమ్మాయీ పెట్టి వింది. ఇద్దరికీ ఏమీ వినబడలేదు. మేస్త్రీ నన్ను వింతగా చూసి, నమ్మకం లేకపోయినా తలుపు అట్ట విప్పాడు. లోపల స్పీకరు అంచుని పట్టుకుని, బొటనవేలంత కందిరీగ గూడు ఉంది. మట్టిది. ఎండి గట్టిపడింది.

"పెద్దమ్మా! మీవి మామూలు చెవులు కావు, పాముచెవులు!" అన్నాడు. పుల్లతో గూడు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. అలవాటు కదా, చెవి దగ్గర పెట్టి తట్టాను. మొద్దుగా పలికింది. "పచ్చిది. కాల్చలేదు" అన్నాను. మేస్త్రీకి అర్థం కాలేదు కానీ నవ్వాడు.

తర్వాత పాత రేడియో మూత విప్పి, నల్లగా మాడిన చోటు చూపించాడు. "ఇదిగో, ఎడమ పక్కకి పోయే దారి ఇదే. ఇక్కడ అతుకు చిట్లి మాడిపోయింది. ఇవాళ్టిదీ నిన్నటిదీ కాదు, నాలుగైదేళ్ళ ముచ్చట. మోగే స్పీకరు మీద కందిరీగ గూడు కడుతుందా చెప్పండి? ఈ తలుపు మూగదై ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ ఆ చోట కూర్చున్నవాళ్ళు ఎవరూ అడగలేదా?"

అడిగారు. ఒకాయన రోజూ నా మీదుగా వంగి అడిగారు. నేను చెవుడన్నాను.

నేను అప్పుడు మధ్యలో కూర్చునేదాన్ని. కుడి స్పీకరు నాకు బాగానే అందేది. ఆయన చోటికి జరిగాకే ఆయనకి వినబడని రేడియో నాకూ వినబడలేదు. అంతే జరిగింది. ఆయనా చెవిటివాడు కాదు, నేనూ చెవిటిదాన్ని కాదు.

నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. అమ్మాయి కంగారుపడి తలుపు దగ్గరికి వచ్చింది. అప్పుడు అక్కడే, ఆ సీటు మీదే, అన్నీ చెప్పేశాను. రెండేళ్ళ భయం, మా అమ్మ చెవి, షెడ్డు వెనక గుట్ట, లేని తోడికోడలు.

"అంటే… నాన్న మీటలు తిప్పిన రేడియో అన్నావు చూడు, అది?"

"వట్టి అబద్ధం."

"నేను దానికి రెండు రోజులు ఏడ్చానే అమ్మా!" అంది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంట్లో నేను అంతేసి గొంతు పెట్టుకుని ఎందుకు అరుస్తున్నాననుకున్నావు? నువ్వు పిలిస్తే పలకట్లేదని, వినబడట్లేదేమో అని!"

"నువ్వు అరుస్తుంటే, నాకు చెవుడని నీకు తెలిసిపోయిందని భయపడి పలికేదాన్ని కాదు."

"చెవుల డాక్టరు దగ్గరికి నిన్ను ఏ వంక పెట్టి తీసుకెళ్ళాలా అని మీ అల్లుడూ నేనూ నెలరోజులుగా ఆలోచిస్తున్నాం."

"నిజమే చెప్పి తీసుకెళ్ళాల్సింది."

"నువ్వు చెప్పావా నిజం?"

చేతిలోని కందిరీగ గూడుని ఇంకోసారి తట్టాను.

మేస్త్రీ చట్రం బిగించి, పాత రేడియో నా ముందుకి చాపాడు. "గుర్తుగా ఉంచుకుంటారా?"

"వద్దు నాయనా. మంచి మొగుణ్ణి చెవిటివాణ్ణి చేసిన రేడియో అది. నీకు పనికొచ్చే ముక్కలేమైనా ఉంటే తీసుకో."

"ఆఁ?" అన్నాడు.

"నువ్వు మాత్రం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు!" అని అరిచాను. ఆ ఒక్కటి వినబడింది, సిగ్గుపడ్డాడు.

ఇంటికి వస్తుంటే రెండు పక్కల నుంచీ పాట వచ్చింది. అమ్మాయి పెంచబోతే వద్దన్నాను. బండి చప్పుడు వినబడేంత చిన్నగా పెట్టించాను. ఇప్పటికీ అంతే. స్టెప్నీని అల్లుడు ఆ సాయంత్రమే కొత్త గొలుసుతో బిగించాడు.

మర్నాడు పొద్దున్న షెడ్డు వెనక గుట్ట ముందు పీట వేసుకున్నాను. నూట పన్నెండు కుండీలు. అల్లుడు ఒక్కోటీ అందించాడు, నేను ఒక్కసారే తట్టాను. రెండోసారి తట్టాలని చేయి లాగలేదు. నూట ఆరు ఖంగుమన్నాయి.

"బట్టీలో వేడి సరిపోయిందన్నమాట" అన్నాడు అల్లుడు, గాలి గట్టిగా వదిలి. పాపం, అతనూ నాలుగు నెలలు తన భయం తను మోశాడు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఇద్దరికీ తీరిపోయేది.

"నీ మంట ఎప్పుడూ బాగానే ఉంది నాయనా. అందించు" అన్నాను.

ఆ మిగిలిన ఆరింటిలో ఒకదాన్ని మాత్రం పారెయ్యనివ్వలేదు. అడుగు చిట్లినా నిలబడుతుంది. దాన్ని బండి ఆగేచోట బోర్లించి, కూర్చుని చెప్పులు వేసుకోవడానికి వాడుతున్నాను.

ఇట్లు,
ఖంగమ్మ. బడి రిజిస్టరులో వేరే పేరుంది, అలా పిలిస్తే నేను పలకను, వినబడక మాత్రం కాదు. వయసు అరవై ఆరు. ఉండేది కుండీల బట్టీ వెనక రెండు గదుల ఇంట్లో, అమ్మాయి, అల్లుడి దగ్గర. బండిలో ఎడమ తలుపు పక్కన.